ఇది జబ్బు నీరసమా, డిప్రెషనా? రెండు వారాల్లో తేల్చుకోవడం ఎలా

"పొద్దున్నే లేవబుద్ధి కావడం లేదు. ఇది కీళ్ల జబ్బు వల్లా, మనసు బాగోకా?" రుమటాయిడ్ ఆర్థరైటిస్, లూపస్, సోరియాసిస్ లాంటి జబ్బులున్నవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. 11 ఏళ్లుగా ఆర్థరైటిస్‌తో కాపురం చేస్తున్నదాన్ని కాబట్టి నన్నడుగుతారు. నేను డాక్టర్ని కాను. కానీ ఈ ప్రశ్నకు జవాబు తెలియక రెండేళ్లు పోగొట్టుకున్నాను. నొప్పులు తగ్గితే మనసు కూడా దానంతటదే బాగవుతుందని ఎదురుచూశాను. మందులు పనిచేశాయి, నొప్పులు తగ్గాయి. మనసు మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. మీకు ఆ రెండేళ్లు వృథా కాకూడదని ఇది రాస్తున్నాను.

తికమక ఎక్కడ వస్తుందో ఒక్క ముక్కలో చెప్తాను. 2013లో రుమటాయిడ్ ఆర్థరైటిస్ మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి లెక్క తీశారు. నిపుణులు ఎదురుగా కూర్చుని మాట్లాడి తేల్చిన చోట నూటికి దాదాపు 17 మందికి డిప్రెషన్ ఉంది. పేషెంట్లు తామే ప్రశ్నపత్రం నింపిన చోట ఆ సంఖ్య 39 దాకా పోయింది. ఆ పత్రాల్లో అడిగే నీరసం, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం మన జబ్బు కూడా తెచ్చిపెడుతుంది. అందుకే రెండూ కలిసిపోతాయి. రెండు వారాలు రోజూ నోట్‌బుక్‌లో రాసుకుంటూ వాటిని విడదీయడమే మనం చేయబోయే పని.

ముందుగా ఒక మాట. చచ్చిపోతే బాగుండు అనిపిస్తున్నా, ఎలా పోవాలో ఆలోచనలు వస్తున్నా ఈ రెండు వారాలు ఆగకండి. ఇప్పుడే 14416కు ఫోన్ చేయండి. అది మనసు బాగోలేనివాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయ కేంద్రం, టెలీ మానస్. 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అమెరికాలో ఉన్నవాళ్లకు 988. ఇంట్లో ఒకరికి చెప్పి, మాత్రల డబ్బా వాళ్ల చేతికివ్వండి. అలాగే లూపస్ ఉన్నవాళ్లలో ఉన్నట్టుండి మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, లేనివి కనబడటం, ఫిట్స్ లాంటివి వస్తే అది జబ్బు మెదడుకు పాకిన సూచన కావచ్చు. దానికి నోట్‌బుక్ పనికిరాదు, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

కావలసినవి

- ఒక చిన్న నోట్‌బుక్, లావుపాటి పెన్ను. వేళ్లు వంగకపోతే ఫోన్‌లో వాయిస్ రికార్డింగ్ చాలు.
- గత మూడు నెలల్లో చేయించిన రక్త పరీక్షల కాగితాలు.
- మీరు వేసుకునే మందులన్నీ రాసిన కాగితం. నొప్పి మాత్రలు, ఆయుర్వేదం, హోమియో, పౌడర్లు, అన్నీ.
- రాత్రి భోజనం తర్వాత పది నిమిషాలు.
- విషయం తెలిసిన ఒక మనిషి. భర్తో భార్యో కానక్కర్లేదు, స్నేహితురాలైనా సరే.

1. ముందు రక్తం సంగతి చూడండి

మనసు దాకా వెళ్లే ముందు హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, విటమిన్ డీ చూసుకోండి. మనలాంటి ఆటోఇమ్యూన్ జబ్బు (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటిమీదే దాడి చేసే జబ్బు) ఒకటి ఉన్నవాళ్లకు రెండోది వచ్చే అవకాశం ఎక్కువ, అందులో థైరాయిడ్ ముందుంటుంది. థైరాయిడ్ మందగిస్తే వచ్చే దిగులు, మతిమరుపు, బద్ధకం చూస్తే అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటాయి. మాత్ర వేసుకుంటే చాలావరకు తగ్గుతాయి. ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ పరీక్షల్లో అంకె ఎక్కువగా ఉంటే ఒంట్లో జబ్బు ఇంకా మండుతోందని అర్థం చేసుకోవచ్చు. దాని నీరసం దానికి ఉంటుంది.

తర్వాత మందుల కాగితం చూడండి. ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ మొదలుపెట్టినప్పుడో, మోతాదు మార్చినప్పుడో నిద్ర పట్టకపోవడం, చిరాకు, అకారణంగా ఏడుపు రావడం మామూలే. మార్పు ఏ తేదీన మొదలైందో, మాత్ర ఏ తేదీన మారిందో పక్కపక్కన రాయండి. రెండూ కలిస్తే డాక్టరుకు చెప్పండి. సాయంత్రం వేసుకుంటున్నారా, పొద్దున టిఫిన్ తర్వాత వేసుకోవచ్చా అని అడగండి. చాలామందికి అంతమాత్రానికే నిద్ర కుదురుతుంది.

హెచ్చరిక: స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఆపొద్దు. చాలాకాలం వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకు వస్తుంది.

2. 14 రోజులు నాలుగు విషయాలు రాయండి

రోజూ రాత్రి ఇవి రాయండి, ఇంతకు మించి వద్దు:

- పొద్దున కీళ్లు ఎన్ని నిమిషాలు బిగుసుకుపోయి ఉన్నాయి
- నొప్పి, 0 నుంచి 10 (10 అంటే భరించలేనంత)
- మనసు, 0 నుంచి 10 (10 అంటే హాయిగా)
- ఈ రోజు చేయాలని ఉండీ చేయలేకపోయిన పని, చేయగలిగీ చేయబుద్ధి కాని పని

నా పాత నోట్‌బుక్‌లోంచి రెండు రోజులు చూపిస్తాను.

"మంగళవారం. బిగుతు 70 ని. నొప్పి 6. మనసు 3. ఇడ్లీపిండి రుబ్బాలనుకున్నా, చేయి లేవలేదు."

"శుక్రవారం. బిగుతు 20 ని. నొప్పి 2. మనసు 3. పక్కింట్లో పేరంటం. వెళ్లగలను. చీర మంచం మీద పరిచి, మళ్లీ మడతపెట్టి బీరువాలో పెట్టేశా."

నొప్పి 6 నుంచి 2కి దిగింది. మనసు 3 దగ్గరే కదలకుండా ఉంది. ఆ శుక్రవారం పేజీ చూసిన రోజునే నాకు విషయం అర్థమైంది.

మీరూ ఇదే చూడాలి. నొప్పి తగ్గిన రోజుల్లో మనసు అంకె పైకి లేస్తుంటే మీ దిగులులో ఎక్కువ భాగం జబ్బు మంటదే. ముందు రుమటాలజిస్టుతో (కీళ్ల జబ్బుల డాక్టరుతో) మందుల గురించి మాట్లాడండి. నొప్పి తగ్గినా మనసు లేవకపోతే, నాలుగో గడిలో "చేయగలిగీ చేయబుద్ధి కాలేదు" అన్నదే పదేపదే కనబడితే మనసుకు వేరుగా వైద్యం కావాలి. రెండూ కలిసి ఉండటమూ ఎక్కువే, అప్పుడు రెండింటికీ.

ఆర్థరైటిస్‌కి వారానికోసారి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వేసుకునేవాళ్లు ఆ రోజునూ మర్నాటినీ గుండ్రంగా చుట్టండి. మర్నాడు వికారం, నిస్త్రాణ చాలామందికి ఉంటుంది. ఆ రోజు అంకె చూసి కంగారు పడొద్దు. ఇదే చోట ఇంకో ముఖ్యమైన సంగతి. ఆర్థరైటిస్‌కి ఈ మాత్ర వారానికి ఒక్కసారే. మనసు బాగోనప్పుడు మతిమరుపు ఎక్కువ, పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. క్యాలెండర్‌లో వారం పేరు మీద ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టి, వేసుకోగానే కొట్టేయండి.

3. పీహెచ్‌క్యూ-9 నింపండి

14వ రోజున డిప్రెషన్‌ను కొలిచే ఈ ప్రశ్నపత్రం నింపండి. తొమ్మిదే ప్రశ్నలు. ఆసుపత్రుల్లో వాడేదే, తెలుగులోనూ దొరుకుతుంది. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు అలా అనిపించిందో చెప్పాలి. అసలు లేకపోతే 0, కొన్ని రోజులైతే 1, సగం కన్నా ఎక్కువ రోజులైతే 2, దాదాపు రోజూ అయితే 3. మొత్తం 27. పది వచ్చినా, దాటినా డాక్టరును కలవాలి, 15 వచ్చినా, దాటినా ఆలస్యం చేయకూడదు.

మనలాంటివాళ్లు మాత్రం మొత్తం ఒక్కటే చూసి ఆగకూడదు. నిద్ర, నీరసం, ఆకలి, ఏకాగ్రత, కదలికల మందకొడితనం గురించి అడిగే ప్రశ్నలకు ఆర్థరైటిస్ కూడా మార్కులు వేస్తుంది. అందుకని నాలుగు ప్రశ్నల కింద గీత గీయండి: మొదటిది (దేనిమీదా ఆసక్తి లేకపోవడం), రెండోది (దిగులు, ఆశ లేకపోవడం), ఆరోది (నేను పనికిరానిదాన్ని అనిపించడం), తొమ్మిదోది (చనిపోవాలనిపించడం). వీటికి కీళ్లతో పనిలేదు. మొదటి రెండూ కలిపి 3 వచ్చినా డాక్టరుకు చెప్పాల్సిందే. తొమ్మిదోదానికి 1 వచ్చినా సరే, మొత్తం ఎంతన్నది చూడకుండా చెప్పేయాలి.

4. మనసులో ముడి ఎక్కడ పడిందో పట్టుకోండి

అందరి దిగులూ ఒక్క చోటు నుంచి రాదు. కింద చెప్పిన మాటల్లో మీకు తెలియకుండానే మీరు రోజూ అనుకునేది ఏదో చూడండి. అది దొరికితే సగం పని అయినట్టే. ఈ అడుగుకు తొందరపడొద్దు, వారం పట్టినా పర్లేదు.

"నా చేతిలో ఏముంది?" మన జబ్బు ఎప్పుడు తిరగబెడుతుందో తెలియదు. మందు మానకపోయినా, పథ్యం తప్పకపోయినా ఒకరోజు పొద్దున్నే మోకాలు వాచి కూర్చుంటుంది. ఇలా పదిసార్లు అయ్యాక మనసు చేతులెత్తేస్తుంది. ఈ నిస్సహాయత ఎంత ముఖ్యమైనదంటే, ఆర్థరైటిస్ పేషెంట్లలో దాన్ని కొలవడానికే 1985లో ప్రత్యేకంగా ఒక ప్రశ్నపత్రం తయారుచేశారు. దీనికి మందు చిన్న చిన్న అధికారాలు. జబ్బు ఎప్పుడొస్తుందో మీ చేతిలో లేదు, వచ్చిన రోజు ఏం చేయాలో మీ చేతిలో ఉంది. "తిరగబెట్టిన రోజు" అని ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఆ పూట వంట ఎవరు, వేడినీళ్ల సంచి ఎక్కడ, డాక్టరు చెప్పిన అదనపు మాత్ర ఏది, ఏ పని వాయిదా.

"ఇక మంచమే గతి." ఒక వేలు వంకర పోతే, మనసు అక్కడ నుంచి పదేళ్ల ముందుకు పరిగెత్తి చక్రాల కుర్చీ దగ్గర ఆగుతుంది. ముఖ్యంగా రాత్రి రెండింటికి. పగలు వచ్చినప్పుడు ఆ మాటను యథాతథంగా రాసి, పక్కన "ఇప్పటికి తెలిసింది ఏమిటి?" అని రాయండి. "ఒక వేలు వాచింది. పోయిన జూన్‌లోనూ వాచింది. 12 రోజుల్లో తగ్గింది." అంతే. ధైర్యం చెప్పుకోవాల్సిన అవసరం లేదు, జరిగింది రాస్తే చాలు. రాత్రి వస్తే లైటు వేసి రాయొద్దు, పొద్దున రాస్తానని మనసుకు టైమివ్వండి.

"నేనే తెచ్చుకున్నాను, ఇంటికి భారమయ్యాను." పూర్వజన్మ పాపం అనేవాళ్లు, చన్నీళ్లతో స్నానం చేసినందుకు అనేవాళ్లు, వంకాయ తిన్నందుకు అనేవాళ్లు మన చుట్టూ ఉంటారు. వింటూ వింటూ మనమూ నమ్ముతాం. మీ రోగనిరోధక వ్యవస్థ మీ కీళ్లను పరాయివనుకుని దాడి చేయడంలో మీ తప్పు ఏమీ లేదు. ఈ మాట మీకు మీరు చెప్పుకుంటే దిగదు, డాక్టరు నోట వినాలి. వచ్చేసారి ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి, వాళ్ల ముందే అడగండి.

"చూడ్డానికి బాగానే ఉన్నావుగా." ఇది పైవాళ్ల మాట, గాయం మాత్రం మనది. దీని సంగతి ఆరో అడుగులో.

"నేను మునుపటి మనిషిని కాను." నాకు పడిన ముడి ఇదే. అప్పుడు మా అమ్మాయి మూడో తరగతి. ఏడున్నరకు బడి ఆటో వస్తుంది. ఏడింటికి నా ముందు పీట వేసుకుని కూర్చునేది. ఆ వేళకు నా వేళ్లు కర్రల్లా ఉండేవి. మూడు పాయలు పట్టుకుంటే ఒకటి జారేది, మళ్లీ మొదలు. ఒకరోజు అది ఏమీ అనకుండా లేచి, వాళ్ల నాన్న దగ్గరకు వెళ్లి రబ్బరు బ్యాండు వేయించుకుంది. దువ్వెనలో మిగిలిన వెంట్రుకలు తీస్తూ కూర్చుని ఏడ్చాను. ఆ వేళ నొప్పి నాలుగే. ఏడుపు నొప్పికి కాదు. తర్వాత నాకు కౌన్సెలింగ్ చేసిన ఆవిడ అడిగింది ఒక్కటే: "మీ వేళ్లు ఎన్నింటికి వదులవుతాయి?" సాయంత్రం. అప్పటి నుంచి రాత్రి భోజనం కాగానే నూనె రాసి, జడ అల్లి పడుకోబెట్టేదాన్ని. పొద్దున చెదిరిన వెంట్రుకలు సర్దితే సరిపోయేది.

మీరు కోల్పోయామనుకునే పనిని అలాగే విడదీసి చూడండి. టైము మార్చొచ్చా? పనిముట్టు మార్చొచ్చా? సగం ఇంకొకరికి ఇచ్చి సగం ఉంచుకోవచ్చా? ఏ దారీ లేనివి కొన్ని నిజంగానే పోతాయి. వాటికోసం ఏడవండి, తప్పులేదు. పోయినదానికి ఏడవడం డిప్రెషన్ కాదు.

5. రోజుకు రెండు పనులు: ఒకటి అవసరానికి, ఒకటి ఇష్టానికి

మనసు బాగయ్యాక చేద్దామని ఆగితే ఆ రోజు రాదు. పని చేస్తుంటేనే మనసు కాస్త కదులుతుంది. ముందురోజు రాత్రే రెండు పనులు రాయండి. ఇష్టమైనది చాలా చిన్నదిగా ఉండాలి: మేడమీద మొక్కలకు నీళ్లు, అక్కకు పది నిమిషాల ఫోన్, గుడిదాకా నడక. చేసే ముందు మనసు అంకె, చేశాక మనసు అంకె రాయండి. ముందు 3, తర్వాత 4 అయినా అది లాభమే.

గడియారం చూసి ఆపండి, నొప్పి చూసి కాదు. 20 నిమిషాలు పని, 10 నిమిషాలు కూర్చోవడం. బాగున్న రోజున ఇల్లంతా దులిపి, దుప్పట్లన్నీ ఉతికి, తర్వాత మూడు రోజులు మంచం పట్టడం మనందరికీ అలవాటే. ఆ మూడు రోజులూ "నావల్ల కాదు" అన్న మాటకు సాక్ష్యం అవుతాయి. వేడిగా, వాచి ఉన్న కీలుకు ఆ రోజు వ్యాయామం వద్దు. నడవలేకపోతే కుర్చీలో కూర్చుని చేతులు తిప్పినా సరే.

6. ఇంట్లో ఏ మాటలతో చెప్పాలి

కోపం వచ్చినప్పుడు చెప్పకండి. నోట్‌బుక్ తెరిచి, అంకెలు చూపించి చెప్పండి. నేను అత్తయ్యతో అన్నది ఇది: "అత్తయ్యా, నిన్న బాగున్నాను, ఇవాళ బాగోలేదు. ఈ జబ్బు తీరే అంత. మీరు నమ్మకపోతే నాకు నొప్పికన్నా ఎక్కువ బాధేస్తోంది. నేను 'ఇవాళ 7' అంటే వంట మీరు చూడండి. '3' అంటే నేనే చేస్తాను." అంకె చెప్పడం ఇద్దరికీ సులువైంది. సాకు చెప్తున్నానన్న అనుమానం ఆవిడకు, వివరించాలన్న టెన్షన్ నాకు తగ్గాయి.

ఇంట్లో వినేవాళ్లు లేకపోతే బతిమాలుతూ కూర్చోకండి. అదే జబ్బున్న మరొకరిని ఓపీ లైన్లోనే పరిచయం చేసుకోండి. పెళ్లికాని అమ్మాయిలు చాలామంది జబ్బు దాచిపెట్టి, మాత్రలు హ్యాండ్‌బ్యాగులో చాటుగా వేసుకుంటూ ఒంటరిగా నలిగిపోతుంటారు. ఊరందరికీ చెప్పమనను. ఒక్కరికి చెప్పండి.

7. డాక్టరు దగ్గర మొదటి వాక్యం ఇదే

ఓపీలో మనకు దొరికేది ఐదారు నిమిషాలు. వేళ్లు చూపించేసరికి అయిపోతుంది. నేను ఏళ్లతరబడి వెళ్లినా మనసు గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కాబట్టి కూర్చోగానే అనండి: "డాక్టరుగారూ, నొప్పి తగ్గిన రోజుల్లో కూడా రెండు వారాలుగా దేనిమీదా మనసు పోవడం లేదు. ఇదిగో రాసుకొచ్చాను."

సైకియాట్రిస్ట్ దగ్గరకు పంపితే భయపడొద్దు. చాలా జిల్లా ఆసుపత్రుల్లో ఆ విభాగం ఉంటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇన్సూరెన్సు కంపెనీలు ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ కవరేజీ ఇవ్వాలి, పాలసీ కాగితం చూసుకోండి. దిగులు మధ్యరకంగా ఉంటే మందు లేకుండా కౌన్సెలింగ్‌తో మొదలుపెట్టవచ్చా అని అడగొచ్చు. ఆలోచనలను, అలవాట్లను పట్టి సరిచేసే సీబీటీ అన్న పద్ధతి మన జబ్బులవాళ్లకు బాగా ఉపయోగపడుతుంది.

మందు రాస్తే మీ మందుల కాగితం తప్పకుండా చూపించండి. కారణాలున్నాయి. డిప్రెషన్‌కు ఎక్కువగా ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మాత్రలు, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. లూపస్‌కీ ఆర్థరైటిస్‌కీ ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో పాటు ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్ర వాడితే గుండె లయ మీద ప్రభావం ఉండొచ్చు, ఈసీజీ అవసరమా అని అడగాలి. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర వేసుకుంటున్నా చెప్పాలి. నోరు, కళ్లు ఎండిపోయే షోగ్రెన్స్ జబ్బు ఉన్నవాళ్లకు అమిట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మాత్ర ఆ ఎండడాన్ని పెంచుతుంది. ఇవన్నీ మందు మానేయడానికి కారణాలు కావు, సరైనది ఎంచుకోవడానికి డాక్టరుకు కావలసిన వివరాలు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

బాగోలేని రోజులే రాయడం. నొప్పి 2 ఉన్న రోజు రాయకపోతే అసలు పోలికే ఉండదు.

వారం రోజులది ఆదివారం కూర్చుని ఒకేసారి నింపడం. ఆదివారం మనసు ఎలా ఉంటే వారమంతా అలాగే ఉన్నట్టు గుర్తొస్తుంది. మానేసిన రోజును ఖాళీగా వదిలేయండి.

డిప్రెషన్ మాత్ర వారంలో పనిచేయలేదని ఆపేయడం. గుణం తెలియడానికి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు పడుతుంది. బాగైందని ఆపేయడం ఇంకా పెద్ద పొరపాటు.

నిద్ర కోసం పక్కింటివాళ్ల నిద్రమాత్రో, మగవాళ్లయితే రెండు పెగ్గులో. మెథోట్రెక్సేట్ మీద మద్యం పడితే కాలేయానికి దెబ్బ, దిగులూ పెరుగుతుంది.

"పాజిటివ్‌గా ఉండు" అన్న సలహాను నెత్తిన పెట్టుకుని, ఉండలేకపోయినందుకు మళ్లీ బాధపడటం. దీన్ని మాత్రం పూర్తిగా వదిలేయమని చేతులు పట్టుకుని అడుగుతున్నాను.

గుణం కనబడుతోందా? ఆరు వారాలకు చూసుకోండి

పీహెచ్‌క్యూ-9 మళ్లీ నింపండి. 5 మార్కులు తగ్గితే నిజమైన మార్పు వచ్చినట్టు. సగానికి తగ్గితే వైద్యం బాగా పనిచేస్తోంది. ఏమీ తగ్గకపోతే మీరు సరిగా చేయలేదని కాదు, మందో మోతాదో కౌన్సెలింగో మార్చమని అడగాల్సిన సమయం వచ్చిందని.

ఇంకో పరీక్ష నాకు అంతకన్నా నమ్మకం. పాత పేజీల్లోంచి నొప్పి 6 ఉన్న ఒక రోజును తీయండి. ఈ వారం నొప్పి 6 ఉన్న రోజును దాని పక్కన పెట్టండి. నొప్పి అంతే, మరి మనసు ఎంత? నాకు మొదటిసారి 3 ఉన్నచోట 5 కనబడింది. ఆ రెండు పేజీలనూ కలిపి ఒక ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి, వచ్చే ఓపీలో డాక్టరుకు చూపించాలి.